ఇస్త్రీపెట్టె మీద ఉష్ణ విచారణ

మా నగరంలో ఎండాకాలం వస్తే సూర్యుణ్ణి తిట్టుకోవడం ఆనవాయితీ. మొన్నమొన్నటిదాకా మా నగరపాలక సంస్థ కూడా అదే పద్ధతి పాటించింది. ఫిబ్రవరిలో కమిషనరుగారు ఏదో చల్లటి ఊళ్ళో మూడురోజుల సదస్సుకి వెళ్ళి, శాలువా కప్పుకుని తిరిగొచ్చాక పరిస్థితి మారింది. నగరాల్లో వేడంతా సూర్యుడి పని కాదనీ, వాహనాలూ, పొయ్యిలూ, యంత్రాలూ, మనుషులూ వదిలే వేడి కూడా అందులో బోలెడుందనీ అక్కడెవరో తెరమీద బొమ్మలు వేసి చూపించారట. మాట నిజమే. నిజమైన మాటొకటి ఆఫీసు చేతిలో పడితే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సూర్యుడి మీద చర్య తీసుకునే అధికారం నగరపాలక సంస్థకి లేదు. మనుషుల మీద ఉంది. కాబట్టి పదిరోజులు తిరక్కుండానే నగర ఉష్ణ నియంత్రణ విభాగం పుట్టింది. నా పేరు గురునాథం. జనన మరణాల విభాగంలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసిన సీనియర్ అసిస్టెంటుని. పుట్టడం, పోవడం చూసినవాడికి మధ్యలో ఉడకడం కూడా తెలిసే ఉంటుందనుకున్నారేమో, నన్ను ఇక్కడ వేశారు.

విభాగానికి ప్రత్యేకాధికారి భువనమోహన్‌గారు. మంచి మనిషి, కష్టపడే మనిషి. పొద్దున్నే ఏసీ కారులో వచ్చి నేరుగా వాకిట్లో దిగి, ఏసీ గదిలోకి వెళ్ళి, సాయంత్రందాకా తల ఎత్తకుండా వేడి గురించే ఆలోచించేవారు. మొదటిరోజే నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"వేడి అనేది ఒక అక్రమ కట్టడం గురునాథంగారూ. కంటికి కనపడదు కనక ఇన్నాళ్ళూ కూల్చలేకపోయాం. ముందు దాన్ని కాగితం మీదికి తీసుకురావాలి. కాగితం మీదికి వచ్చిందంటే ఇక అది ఎక్కడికీ పోలేదు."

ఆఫీసున్న పదిహేడో వార్డునే నమూనా శీతల వార్డుగా ప్రకటించారు. మే ఇరవయ్యో తేదీన రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తుంది. ఆలోగా వార్డులో రెండు డిగ్రీలు తగ్గాలి. ఎందుకు రెండు అని నేను అడగలేదు. మూడంటే ఏం చేసేవాణ్ణి?

మొదటి మెట్టు సర్వే. నాలుగు పేజీల ఉష్ణ ప్రకటన పత్రం అచ్చు వేయించాం. ఇంట్లో పొయ్యిలెన్ని, రోజుకి టీ ఎన్నిసార్లు, స్నానానికి వేన్నీళ్ళా చన్నీళ్ళా, అన్నీ అందులో ఉన్నాయి. మనిషి ఊరికే కూర్చున్నా వంద వాట్ల వేడి వదులుతాడని శాస్త్రం చెబుతోంది కాబట్టి ఇంట్లో మనుషులెందరో, వాళ్ళలో ఊరికే కూర్చునేవాళ్ళెందరో విడివిడిగా రాయాలి. పదకొండో ప్రశ్న 'వారానికి సగటున ఎన్ని తగవులు' అని. కోపం వస్తే ఒళ్ళు వేడెక్కుతుందని ప్రత్యేకాధికారిగారే సొంతంగా చేర్చారు. పత్రాన్ని ఎవరిది వాళ్ళే స్వయంగా వచ్చి ఇవ్వాలనీ, ఒకరి తరఫున ఇంకొకరు తేకూడదనీ రూలు పెట్టాం. దాంతో ఆఫీసు ముందు రోజూ రెండొందలమంది ఎండలో నిలబడేవారు. వాళ్ళ వేడి లెక్కకి ఇంకో పత్రం.

సర్వే ఊపందుకున్నాక నియంత్రణ మొదలైంది. మా వార్డులోని కల్యాణ మండపంలో ఐదొందలమందితో పెళ్ళంటే యాభై కిలోవాట్లు. వంటపొయ్యిలు దానికి అదనం. పెళ్ళికూతురి తండ్రి వచ్చి దండం పెడితే, అతిథులు రెండు విడతల్లో అక్షింతలు వేసేట్టూ, వేశాక వెంటనే పక్క వార్డులోకి వెళ్ళి భోంచేసేట్టూ అనుమతి ఇచ్చాం. ఆ పిల్ల పెళ్ళి పదిహేడో వార్డులో, పప్పన్నం పద్దెనిమిదో వార్డులో జరిగాయి.

తర్వాత బస్సులు. వార్డు సరిహద్దు దగ్గర ఇంజను ఆపి, ఈ చివరనుంచి ఆ చివరకి ప్రయాణికులే తోసుకుపోవాలని ఉత్తర్వు వచ్చింది. నలభైమంది తోస్తే వాళ్ళ ఒంట్లోంచీ వేడి వస్తుంది కదా అని నాకు సందేహం వచ్చింది. వినయంగా అడిగాను.

"వాళ్ళకి చెమట పడుతుందా?" అన్నారు భువనమోహన్‌గారు.

"ధారలుగా పడుతోందండీ."

"చెమట ఆరితే చల్లదనం. కాబట్టి తోయడమనేది శీతలీకరణ చర్య. ప్రోత్సహించాలి."

టీకొట్టువాళ్ళూ, బజ్జీలబళ్ళవాళ్ళూ తెలివైనవాళ్ళు. రోడ్డుకి ఈ పక్కన పదిహేడు, ఆ పక్కన పద్దెనిమిది కాబట్టి పొయ్యిల్ని ఇరవై అడుగులు అవతలికి జరిపి, బెంచీలు మాత్రం ఇవతలే ఉంచారు. పద్దెనిమిదో వార్డులో వేగిన మిరపకాయ బజ్జీని పదిహేడో వార్డులో తినొచ్చా అని ఒకాయన రాతపూర్వకంగా అడిగాడు. ఊదుకుని తినవచ్చునని సమాధానం పంపాం.

ఇన్ని చేశాక ఫలితం కొలవాలి. కొలవడానికి థర్మామీటరు వచ్చింది. దానితోపాటు చిన్న పుస్తకం. గోడలకి దూరంగా, ఆరుబయట, నీడపట్టున, గడ్డి మీద నాలుగడుగుల ఎత్తున పెట్టాలని అందులో రాసుంది. వార్డంతా వెతికినా గడ్డి కనిపించలేదు. పుస్తకాన్ని ఫైలు చేశాం. గంటగంటకీ అంకె చూసి రాయాల్సింది అటెండరు దావీదు. గంటకోసారి ఎండలోకి వెళ్తే దావీదుకి వడదెబ్బ తగులుతుందని మా అందరికీ జాలి కలిగింది. అందుకని ఆఫీసు వెనకగోడకి, కిటికీలోంచి తల బయట పెడితే కనిపించేట్టు బిగించాం. ఆ గోడకి అప్పటికే మా ఏసీల బయటి పెట్టెలు ఆరున్నాయి. మూడు ఇటూ మూడు అటూ. మధ్యలో సరిగ్గా థర్మామీటరంత ఖాళీ ఉంది.

మొదటిరోజు మధ్యాహ్నం ఊరంతా నలభై రెండుంటే మా థర్మామీటరు నలభై ఎనిమిది చూపించింది.

"నేను చెప్పలేదూ!" అన్నారు భువనమోహన్‌గారు. ఆ సంతోషం చూసి తీరాలి. "జబ్బంతా ఈ వార్డులోనే ఉంది!"

జబ్బు ఇంత ముదిరినచోట వైద్యులు చాలరని పై ఆఫీసుకి రాశారు. పన్నెండుమంది కొత్త సిబ్బందిని పంపారు. వాళ్ళు కూర్చోవడానికి రెండు గదులు, గదులకి నాలుగు ఏసీలు వచ్చాయి. వెనకగోడ మీద పెట్టెలు పది అయ్యాయి. థర్మామీటరు యాభైకి చేరింది.

నాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. నోట్‌ఫైల్లో రాద్దామని పెన్ను మూత కూడా తీశాను. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు గుర్తొచ్చి మళ్ళీ మూత పెట్టేశాను.

నేను రాయకపోయినా నేరస్థుణ్ణి పట్టుకోక తప్పదు కదా. థర్మామీటరుకి పదడుగుల లోపల నిప్పు ఎక్కడుందో చూసి రమ్మన్నారు. దావీదు కిటికీలోంచి చూశాడు. ఆ గోడ కిందే కోటిలింగం ఇస్త్రీబండి ఉంది.

కోటిలింగం పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఇస్త్రీ చేస్తున్నాడు. బొగ్గులు వేసే ఇత్తడి పెట్టె, వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. భార్య నాంచారమ్మ ఇంటింటికీ తిరిగి బట్టలు తెస్తే ఇతను రుద్దుతాడు. మా ఆఫీసులో అతని చెయ్యి పడని చొక్కా లేదు. పైన పది ఏసీ పెట్టెలు నెత్తిమీద వేడిగాలి కుమ్మరిస్తుంటే, తడిగుడ్డ తలకి చుట్టుకుని, కింద బొగ్గులతో పని చేసుకునేవాడు. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అతనికి మొదటి నోటీసు నేనే పట్టుకెళ్ళాను. వేడిని సగానికి తగ్గించాలని అందులో ఉంది.

"సగం వేడితో ఇస్త్రీ ఎట్టాగండీ?" అన్నాడు కోటిలింగం. "చొక్కాకి ఒకపక్కే చెయ్యమంటారా ఏంది?"

ఈ మాట ప్రత్యేకాధికారిగారికి చేరవేస్తే, "సూత్రప్రాయంగా అంతే," అన్నారు.

ఆ వారమంతా పదిహేడో వార్డు మగవాళ్ళు ముందువైపు ఇస్త్రీ, వెనకవైపు ముడతలతో తిరిగారు. పెద్దమనుషులు కనపడితే గోడకి ఆనుకుని మాట్లాడేవారు. బ్యాంకు మేనేజరుగారు ఖాతాదారులకి వీపు చూపించలేక వెనక్కి వెనక్కి నడిచి తన గదిలోకి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. థర్మామీటరు మాత్రం యాభైనుంచి కదల్లేదు.

రెండో నోటీసు చల్ల ఇస్త్రీకి సంబంధించింది. పెట్టెలో బొగ్గులకి బదులు ఐసు ముక్కలు వేసి రుద్దాలి. ఐసు పద్దెనిమిదో వార్డు ఫ్యాక్టరీనుంచి వస్తుంది. ఆ ఫ్యాక్టరీ వదిలే వేడి ఆ వార్డు ఖాతాలోకి పోతుంది కాబట్టి మనకేం ఇబ్బంది లేదు. దీనికి ప్రారంభోత్సవం జరిగింది. ప్రత్యేకాధికారిగారు కిటికీలోంచి చెయ్యి చాపి రిబ్బను కత్తిరించారు. కోటిలింగం ఐసు నింపిన పెట్టెతో నా చొక్కానే రుద్ది చూపించాడు. అది నానిన అప్పడంలా తయారైంది. ముడతల సంగతి ఎవరో ఎత్తబోతే, "ముడతలు కూడా చల్లగా ఉన్నాయి చూడండి," అన్నారు భువనమోహన్‌గారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఒంటిమీద చొక్కా లేకపోవడంవల్ల నా చప్పట్లు కాస్త గట్టిగా వినిపించాయి.

ఐసుతో రుద్దినా యాభైయే. దాంతో సాంకేతిక సమావేశం పెట్టుకుని ఒక నిర్ణయానికొచ్చాం. తప్పు బొగ్గులది కాదు, పెట్టెది. పద్దెనిమిదేళ్ళ వేడి, వాళ్ళ నాన్న కాలంనాటి వేడి కూడా ఆ ఇత్తడిలో పేరుకుని ఉంది. అది కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది. పెట్టెని స్వాధీనం చేసుకుని, సీలు వేసి, రికార్డు గదిలో చల్లబరచాలి.

సీలు వెయ్యాలంటే లక్క కరగాలి. లక్క కరగాలంటే కొవ్వొత్తి వెలిగించాలి. వార్డులో మంట వెలిగించాలంటే మా విభాగం అనుమతి కావాలి. దరఖాస్తు నేనే పెట్టాను, నేనే పరిశీలించాను, అభ్యంతరం లేదని నేనే రాసి పైకి పంపాను. మూడు నిమిషాల కొవ్వొత్తి మంజూరైంది.

పెట్టె తీసుకోవడానికి వెళ్ళినప్పుడు కోటిలింగం దాన్ని తువ్వాలుతో తుడుస్తూ చాలాసేపు ఇవ్వలేదు.

"ఇది లేకపోతే నేనేం చేసుకు బతకాలండీ? చేతులు కాగబెట్టుకుని రుద్దేదా?"

పక్కనే నిలబడ్డ నాంచారమ్మ ఊరుకోలేదు. "ఏమయ్యా గురునాథంగారూ, ఒంటిమీదున్న చొక్కా మా ఆయన చేతిదేగా. ఆ చొక్కా వేసుకునే వచ్చావే, నీకు చేతులెట్టా వచ్చినయి? నీ పత్రంలో తగవులెన్నని అడిగావుగా, రాసుకో! ఇదిగో, ఇవాళ ఒకటి!"

నాకు సిగ్గేసింది. ఇంతకంటే పెద్దమాట రాయడానికి లేదు. సిగ్గుపడుతూనే రసీదు మీద సంతకం చేసి పెట్టె పట్టుకొచ్చాను. నిప్పు లేకపోయినా దారిపొడుగునా నా చేతులు కాలినట్టే ఉంది.

ఆ తర్వాత కోటిలింగం కూరగాయల మార్కెట్లో మూటలు మోయడానికి పోయేవాడు. రోజూ మధ్యాహ్నం ఒకసారి మాత్రం ఆఫీసుకొచ్చి రికార్డు గది గుమ్మంలో నిలబడేవాడు.

"ఉందాండీ?"

"ఉంది కోటిలింగం."

"సరేనండీ." వెళ్ళిపోయేవాడు. ఇరవై మూడు రోజులు ఇలా వచ్చాడు. నేను లెక్కపెట్టుకున్నాను, ఎందుకో తెలీదు.

పెట్టె రికార్డు గదిలో చల్లబడుతున్నా బయట యాభైకి ఒక్క డిగ్రీ తగ్గలేదు. మే ఇరవై దగ్గరపడింది. వేడి తగ్గకపోయినా తగ్గినట్టు మనమైనా కనిపించాలని ప్రత్యేకాధికారిగారు అనుకున్నారు. ఆ రోజు సిబ్బంది ముప్పై ఎనిమిదిమందీ గంజిపెట్టిన తెల్ల నూలుబట్టలు కట్టుకురావాలని సర్క్యులరు వచ్చింది. గంజిబట్టలు కరెంటు ఇస్త్రీపెట్టెకి లొంగితేనా! రుద్దినకొద్దీ అట్టల్లా బిగుసుకుని, మడతపెడితే విరిగేట్టున్నాయి. కొత్తగా వచ్చిన ఇంజనీరుగారి పంచె గోడకి ఆనిస్తే దానంతటది నిలబడింది.

పందొమ్మిదో తేదీ మధ్యాహ్నానికి నా బల్లమీద తొమ్మిది రహస్య చీటీలున్నాయి. అందరిదీ ఒకటే కోరిక. పదోది భువనమోహన్‌గారిది. "విస్తృత ప్రజాప్రయోజనం దృష్ట్యా, సదరు పెట్టెకు ఒక్కరోజు తాత్కాలిక అత్యవసర ఉష్ణ మినహాయింపు."

సీలు తీసి కోటిలింగం చేతికి పెట్టె ఇచ్చాను. అతను మూత తెరిచి లోపల చూసుకున్నాడు. నాంచారమ్మ నావైపు చూడకుండానే బొగ్గులు తెచ్చింది. ముప్పై ఎనిమిది జతలు ఒక్కరోజులో తేలేవి కాదు. ఇరవయ్యో తేదీ పొద్దున పదకొండయినా ఇంకా ఆరు జతలు మిగిలున్నాయి. ఆ ఆరుగురూ పంచెల కోసం రికార్డు గదిలో తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చున్నారు.

అప్పుడే పరిశీలక బృందం వచ్చింది. బృందానికి పెద్ద డాక్టర్ అరుంధతిగారు, వాతావరణ శాస్త్రవేత్త. మేం లోపల సమావేశ మందిరంలో వాళ్ళకోసమని మరో మూడు ఏసీలు బిగించి, పదమూడూ ఒకేసారి వేసి ఉంచాం. ఆవిడ లోపలికి రాకుండా గొడుగు వేసుకుని సరాసరి వెనకగోడ దగ్గరికి నడిచింది. ఇలాంటి పరిశీలకుల్ని మేం ఎన్నడూ చూడలేదు. నేనూ దావీదూ పరుగెత్తాం. భువనమోహన్‌గారు కిటికీ దగ్గరికొచ్చి, "దయచేయండి మేడమ్, లోపల చల్లగా ఉంది!" అని పిలుస్తున్నారు.

ఆవిడ థర్మామీటరు చూసింది. యాభై ఒకటి. దానికి ఇటూ అటూ ఉన్న పెట్టెల్ని చూసింది.

"దీన్ని ఇక్కడెందుకు పెట్టారు?"

"కిటికీలోంచి కనపడుద్దనమ్మా," అన్నాడు దావీదు. అబద్ధం ఆడాలని వాడికి ఎవరూ చెప్పలేదు.

అదే సమయానికి వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది. పదమూడు ఏసీల భారం మొయ్యలేక పోయింది పాపం. ఫ్యాన్లన్నీ ఆగిపోయి, గోడమీద ఒక్కసారిగా నిశ్శబ్దం ఆవరించింది. మా కళ్ళముందే అంకె దిగడం మొదలుపెట్టింది. నలభై తొమ్మిది. నలభై ఆరు. పావుగంటలో నలభై రెండు దగ్గర నిలబడింది. ఆ పావుగంటా కోటిలింగం తల ఎత్తకుండా ఇంజనీరుగారి పంచె రుద్దుతూనే ఉన్నాడు. పెట్టెలోంచి నిప్పురవ్వలు ఎగురుతున్నాయి.

అరుంధతిగారు కాసేపు నవ్వుకుంది. కోటిలింగాన్ని పలకరించి, నాంచారమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నా చేతిలో ఒక కాగితం పెట్టి వెళ్ళిపోయింది. అందులో ఒకటే వాక్యం ఉంది. "థర్మామీటరును వెంటనే సరైన చోటికి మార్చాలి."

నా గుండె తేలికైంది. ఇంకేముంది, అంతా బయటపడిందనుకున్నాను. కాని కిటికీలోంచి భువనమోహన్‌గారికి రెండే కనిపించాయి. ఒకటి మండుతున్న ఇస్త్రీపెట్టె, రెండోది దిగుతున్న అంకె.

"మనం ఎంత అన్యాయం చేశాం గురునాథంగారూ!" అన్నారాయన. "ఆ పెట్టె వేడిని వదలడం లేదు. లాక్కుంటోంది!"

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. కోటిలింగం రోజూ పదినుంచి ఐదుదాకా అక్కడే, నిండా బొగ్గులతో, విరామం లేకుండా ఇస్త్రీ చెయ్యాలి. అది నగర శీతలీకరణ విధి. మర్నాడు కరెంటొచ్చింది. ఏసీలు తిరిగాయి. థర్మామీటరు యాభై ఎక్కింది. విధి నిర్వహణలో అలసత్వం చూపినందుకు సంజాయిషీ చెప్పాలని కోటిలింగానికి మెమో వెళ్ళింది.

అతను మెమో పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. "మీరే రాయండి. నేను చెప్పింది చెప్పినట్టు రాయండి, మీ మాటలు కలపమాకండి."

రాశాను. "కరెంటు పోయినప్పుడు నలభై రెండు. కరెంటు వచ్చినాక యాభై. నేను అప్పుడూ ఇస్త్రీయే చేస్తన్నా, ఇప్పుడూ ఇస్త్రీయే చేస్తన్నా. నాకు తెలిసింది ఇంతే." కింద వేలిముద్ర వేశాడు. నా సర్వీసు మొత్తంలో ఇంత నిజమైన కాగితం రాయలేదు. పైగా దాని మీద నా సంతకం లేదు. ఆనందంగా పట్టుకెళ్ళి బల్లమీద పెట్టాను.

భువనమోహన్‌గారు మూడుసార్లు చదివారు. లేచి నిలబడ్డారు. గదిలో ఏసీ వైపు చూశారు. ఇంకొక్క అడుగు, ఒక్కటంటే ఒక్కటి!

"కరెంటు!" అన్నారు. "దోషి కరెంటు! వార్డులో కరెంటు తీసేస్తే సరి!"

అలా మా వార్డుకి రోజూ పదినుంచి ఐదుదాకా కరెంటు తీసేశారు. ఉష్ణ నియంత్రణ అత్యవసర సేవ కాబట్టి మా ఆఫీసుకి మాత్రం పెద్ద డీజిల్ జనరేటరు వచ్చింది. దాన్ని వెనకగోడ దగ్గర, కోటిలింగం నిలబడే చోట దించారు. పద్దెనిమిదేళ్ళ చోటు ఒక్క పూటలో పోయింది. బండిని ఆఫీసు ముందు గేటు పక్కన, నడిరోడ్డు ఎండలో పెట్టుకోమన్నారు.

థర్మామీటరుని సరైన చోటికి మార్చాలన్న సూచన కూడా అమలు చేశాం. దుమ్మూ ధూళీ లేని, నీడపట్టున ఉన్న, ఎప్పుడూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండే చోటు వార్డులో ఒక్కటే ఉంది. ప్రత్యేకాధికారిగారి గది. ఆయన కుర్చీ వెనక బిగించాం. ఇరవై నాలుగు డిగ్రీలు! రెండు తగ్గించమంటే ఇరవై ఆరు తగ్గించాం. పదిహేడో వార్డుకి ఉత్తమ శీతల వార్డు పురస్కారం ప్రకటించారు.

ఈలోగా గేటు దగ్గర ఇంకో సంగతి జరిగింది. కరెంటు లేకపోయేసరికి వార్డులో ఇళ్ళలోని ఇస్త్రీపెట్టెలన్నీ చచ్చుబడ్డాయి. షాపుల్లోవీ అంతే. పది లోపూ, ఐదు తర్వాతా కరెంటున్నా ఆ కాస్త వేళలోనే వంటా, నీళ్ళ మోటారూ, అందరికీ ఒకేసారి పని. పనిచేసే ఇస్త్రీపెట్టె వార్డు మొత్తానికి ఒక్కటే, కోటిలింగానిది. మిగిలిపోయిన మా పత్రాల వెనకవైపు అంకెలు రాసి నాంచారమ్మ టోకెన్లు ఇచ్చేది. గేటునుంచి మలుపుదాకా బట్టల మూటలతో జనం. పక్కనే బస్సు తోసుకుంటూ పోయేవాళ్ళు కూడా ఒక చొక్కా విసిరేసి, తిరుగుబస్సులో తీసుకునేవారు. కోటిలింగం మొహం ఎండకి నల్లబడింది గాని, పెట్టె మాత్రం అతని చేతిలోనే ఉంది. రికార్డు గది గుమ్మంలోకి మళ్ళీ రాలేదు.

జూన్ మొదటివారంలో, రోహిణి కార్తె ఇంకా దిగకముందే, పురస్కార సభ పెట్టారు. సాయంత్రం ఐదింటి రైలుకి భువనమోహన్‌గారు రాజధానికి బయల్దేరాలి. మూడింటికి చూసుకుంటే తెల్లచొక్కా ముడతలు పడి ఉంది. ఆయన క్వార్టరూ పదిహేడో వార్డులోనే, కరెంటు లేదు. ఆఫీసులో జనరేటరుంది గాని ఇస్త్రీపెట్టె లేదు. దావీదుని పంపారు. వాడు చొక్కాతోనే తిరిగొచ్చాడు.

"టోకెను మనిషి చేతికే ఇస్తారంట సార్. ఎవరిది వాళ్ళే స్వయంగా తెచ్చుకోవాలంట. ఒకరి తరఫున ఇంకొకరు తేకూడదంట. మన రూలేనంట."

"నేనెవరో చెప్పావా?"

"చెప్పాను సార్. నాంచారమ్మ నాకు ముప్పయ్యారో నంబరు ఇచ్చింది, నా చొక్కాకి."

గత్యంతరం లేక భువనమోహన్‌గారు బనియనుతో, భుజాన చొక్కాతో బయల్దేరారు. నేను వెనకే వెళ్ళాను. వాకిలి దాటి గేటు బయట కాలు పెట్టారు. తారు మెత్తబడి చెప్పు అంటుకుంది. ఆఫీసు వెనకనుంచి జనరేటరు పొగ, రోడ్డునుంచి ఎండ, ఎదురుగా జనం. ఆయన అక్కడే ఆగిపోయారు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాలుగు నిమిషాలయ్యేసరికి బనియను ఒంటికి అతుక్కుపోయింది.

"గురునాథంగారూ!" అన్నారు రొప్పుతూ. "ఏమిటీ వేడి? ఎప్పుడు మొదలైంది? నాకెవరూ చెప్పలేదేం?"

ఇన్ని నెలల ఫైళ్ళు నా నోట్లో అడ్డం పడ్డాయి. ఆయన దావీదు వైపు తిరిగారు. "ఎంతుంది? చూడు, ఎంతుందో చూడు!"

"మన గదిలో ఇరవై నాలుగే ఉంది సార్," అన్నాడు దావీదు.

కోటిలింగం పెట్టెని పక్కన ఆనించి, తడిగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. కోపం లేదు అతని మొహంలో, నాకు ఆశ్చర్యమేసింది.

"ఎప్పుడూ ఇంతేనండీ," అన్నాడు. "తమరే ఇవాళ వచ్చారు. ఇంకా పదకొండుమంది ఉన్నారు, ఆగాలి మరి. నీడ కావాలంటే ఇట్టా వచ్చి నా వెనకమాల నిలబడండి. ఈడ ఉన్నది నా నీడొక్కటే."

భువనమోహన్‌గారు ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత ఎవరినీ అనుమతి అడక్కుండా వెళ్ళి, కోటిలింగం వెనక ఒదిగి నిలబడ్డారు.